తీర్థం వాసన

గుమ్మడిదల దగ్గర మందుల ఫ్యాక్టరీలో పనికి కుదిరిన కొత్తలో నేను అద్దెకున్న ఇంటి పెద్దమ్మకు ఒక అలవాటుండేది. ఏ నీళ్లయినా ముందు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని వాసన చూసేది. ఆ తర్వాతే తాగేది. పెళ్లి విందులో ఇచ్చిన గ్లాసైనా అంతే. వడ్డించేవాళ్లు మొహం మాడ్చుకునేవారు.

ఒక శనివారం ఆమెకు తోడుగా అడవిలోని కొండగుడికి వెళ్లాను. మోదుగు చెట్ల మధ్య నుంచి ఎక్కాం. గుడి వెనక రాళ్లలో ఊరే నీళ్లే అక్కడ తీర్థం. పూజారి పోయగానే పెద్దమ్మ చెయ్యి అలవాటుగా ముక్కు దగ్గర ఆగింది.

"దేవుని తీర్థం వాసన సూస్తవా?" అన్నాడు పూజారి.

ఆమె సిగ్గుపడలేదు. "కంపెనీల నీళ్లు కలిసి మా వాగునీళ్లు గట్లయినయి అయ్యగారు. నేనంటే వాసన సూస్త. మా బర్రెకేం ఎర్క? తాగింది, వాగొడ్డునే పానమిడిసింది."

ఆమె తాగి, తడిచెయ్యి తలకు రాసుకుని మళ్లీ చాపింది.

"ఇంకింత పొయ్యుండ్రి. గిసొంటి నీళ్లు తాగి ఎన్నేండ్లాయెనో."

పెద్దమ్మ పోయిన చాలా ఏళ్లకు మళ్లీ ఆ కొండెక్కాను. ఊట ఎండిపోయింది. నీళ్లు కింద ఊరి బోరు నుంచి డబ్బాల్లో వస్తున్నాయి. పూజారి ఆయనే, ముసలివాడయ్యాడు. నా చేతిలో పోయబోతూ ఆగి, ఉద్ధరిణె మొహం దాకా ఎత్తి కళ్లు మూసుకున్నాడు. మంత్రం చదువుతున్నాడనుకున్నాను.

వాసన చూస్తున్నాడు.