కోరుట్ల పసుపు గోదాంలో జాజ్ క్లబ్బు

మా అన్న సిరిసిల్లలో బ్యాండు మేళంలో క్లారినెట్ ఊదుతాడు. నేను జగిత్యాల కాలేజీలో చరిత్ర చెబుతాను. ఇద్దరిలో ఎవరిని జనం శ్రద్ధగా వింటారని అడిగితే ఇద్దరికీ కోపం వస్తుంది.

ఈ మధ్య పెళ్లి ఊరేగింపులను, మా బరాత్‌లన్నిటినీ డీజే డబ్బాలు మింగేశాయి. ఒకరోజు అన్న కోరుట్లలో మా ఇంటికొచ్చి, ఇచ్చిన చాయ్ ముట్టకుండా కూర్చున్నాడు.

"ఇగ బంద్ జేస్త చెల్లె. క్లారినెట్ గోడకు తలిగేస్త. ఇన్నేండ్లల్ల ఒక్క పాటన్న ఆఖరుదాంక ఊదనిచ్చిన్రా ఎవలన్న? సగంల ఉండంగనే ఒకడొచ్చి, ఏ, గిది గాదు, మార్చు అంటడు."

నిజమే, బరాత్‌లో పాట ముగియదు, మారుతుందంతే. బాధ కలిగితే నేను ఏడవను, పాఠం చెబుతాను. అన్నకే చెప్పాను. అమెరికాలో న్యూ ఆర్లీన్స్ అనే ఊళ్లో నల్లవాళ్ల బ్యాండు మేళాలు ఊరేగింపుల్లో, చావుల్లో వీధి వెంట నడుస్తూ వాయించేవి. జాజ్ అనే ఆ సంగీతం చికాగోకు, న్యూయార్కుకు పోయి ఇరుకు గదుల్లో, నేలమాళిగల్లో దూరింది. అక్కడి సర్కారు మందు బంద్ పెట్టిన కాలంలో దాన్ని చాటుగా అమ్మిన గదులు జాజ్‌ను సాకాయి. నల్లవాళ్లు వాయిస్తుంటే తెల్లవాళ్లే కూర్చుని వినే క్లబ్బులు కూడా ఉండేవి.

"గిది మనకెరుకే" అన్నాడు అన్న.

"ఇప్పుడు ఎవలన్న పోవచ్చు. చిన్న చిన్న బల్లలేసుకొని కూసుంటరు. ఒక్కొక్కలు ముంగటికొచ్చి ఊదుతరు. అయిపోంగనే చప్పట్లు కొడుతరు."

"ఊదినంతసేపు నోరు మూసుకుంటరా?"

"మాట్లాడితే పక్కోళ్లు కసురుతరు."

అన్న చాయ్ అందుకుని గుటక వేశాడు. ఆ గుటక చూసి నేను మాటిచ్చేశాను, మనమూ ఒక క్లబ్బు పెడదామని.

మా అత్తగారివాళ్ల పసుపు గోదాం పంట అమ్ముడుపోయి ఖాళీగా ఉంది. కిటికీలు లేవు, చీకటి, గాలాడదు. ఫోన్లో నేను చూసిన క్లబ్బులన్నీ ఇంచుమించు ఇట్లాగే ఉన్నాయి. ఒక ఎర్ర బల్బు పెట్టి, టెంట్‌హౌస్ కుర్చీలు వేయించి, ఆదివారం మధ్యాహ్నం అందరినీ పిలిచాను. మా కాలేజీ సార్లు వచ్చారు. సిరిసిల్లలో సాంచెలనే మరమగ్గాల మీద బట్ట నేసీ నేసీ ఆ చప్పుడుకు చెవులు మందగించిన మా బాబాయిలు ముందు వరసలో కూర్చున్నారు. ఎవరూ మాట్లాడకూడదని, కూర్చునే వినాలని గట్టిగా ప్రకటించాను. ఎవరూ మాట్లాడలేదు గానీ పసుపు ధూళికి అందరూ తుమ్మారు. ఆ తుమ్ములు తగ్గేదాకా కార్యక్రమం మొదలే కాలేదు.

మేళంవాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టాను. అన్న ఊదితే గాలి వచ్చింది, పాట రాలేదు.

"కూసుంటే దమ్ము రాదు చెల్లె."

"అయితే నిలబడు."

నిలబడ్డాడు. పెద్ద డ్రమ్ము మీద దెబ్బ పడింది. ఆ దెబ్బతో మేళమంతటి కాళ్లూ కదిలాయి. పుట్టి బుద్ధెరిగాక వాళ్లెన్నడూ ఒకచోట నిలబడి వాయించినవాళ్లు కారు. డ్రమ్ము మోగిందంటే అడుగు ముందుకు పడాల్సిందే. గోడదాకా పోయారు, తిరిగారు, సార్ల కాళ్లు తొక్కుకుంటూ షట్టర్ దాటి బజార్లో పడ్డారు.

"అన్నా, క్లబ్బు లోపలున్నది!" అని గొంతు చించుకున్నాను. ఎవరు వింటారు? బాబాయిలు అప్పటికే చేతులెత్తి ఆడుతూ వెనక బయల్దేరారు. కెమిస్ట్రీ సారు, కూర్చునే వినాలని నేను చెప్పాను కదా, కుర్చీ నెత్తిన పెట్టుకుని నడిచాడు. గోదాం పసుపు అంటి అందరి వీపులూ పచ్చగా ఉన్నాయి. దుకాణాల్లోంచి జనం తొంగిచూశారు.

"ఏందే, అందరికి నలుగు వెట్టిన్రా? పెండ్లి పిలగాడేడి?"

సిగ్గుతో చచ్చిపోయాను. అన్న ఆశ మీద నీళ్లు చల్లిందాన్ని నేనే అనుకున్నాను.

మలుపులో వేములవాడ బస్సు ఎదురొచ్చింది. మేమూ, ఆటోలూ, కెమిస్ట్రీ సారు కుర్చీ కలిసి దాన్ని కదలనివ్వలేదు. డ్రైవర్ హారన్ కొట్టీ కొట్టీ విసుగొచ్చి, ఇంజన్ ఆపేసి చాయ్ కోసం దిగిపోయాడు. లోపల వేములవాడ గుడికి మొక్కులు తీర్చుకోను పోయే జనం వరసలుగా కూర్చుని, ఎటూ పోలేక, నోరుమూసుకుని మా వైపు చూస్తున్నారు. గోదాంలో నేను పెట్టబోయిన క్లబ్బు ఇక్కడ చక్రాల మీద తయారుగా నిలబడి ఉంది.

అన్న కూడా చూశాడు. ఆగి ఊదడం తెలియదు కనుక బస్సు చుట్టూ ప్రదక్షిణ చేస్తూ ఊదాడు. కాసేపటికి డ్రమ్ములు ఆగిపోయాయి, అన్న ఒక్కడే తిరుగుతున్నాడు. ఒక బాబాయి "మార్చు" అనబోయాడు. నేను ఆయన నోరు మూశాను, పెద్దవాడని కూడా చూడలేదు. చిన్నప్పటినుంచి సగమే విన్న ఆ పాట మిగతా సగం అంత బాగుంటుందని నాకు తెలియదు. ఏడవనని చెప్పాను గదా, ఏడ్చాను.

పాట అయిపోయింది. కిటికీల్లోంచి చేతులు బయటపెట్టి మరీ చప్పట్లు కొట్టారు. అన్న క్లారినెట్ దించి, బెదురుగా అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరకొచ్చాడు.

"చెల్లె, పాట ఒడిశినంక ఏం జెయ్యాలె?"

న్యూ ఆర్లీన్స్ నుంచి న్యూయార్కుదాకా నేను చెప్పిన పాఠంలో అది లేదు. బస్సు మెట్టు మీద నిలబడ్డ కండక్టరే జవాబిచ్చాడు.

"ఏం జేస్తవ్ అన్నా, ఇంకోటి ఊదు. డ్రైవర్ ఇంక చాయ్ తాగుతనే ఉన్నడు."