జాలీ కంచె, నోరీన్ సలాడ్

మా బింబరా ఊళ్లో లైల్ ట్రెన్విత్ గురించి ఎవరిని అడిగినా ముందు పచ్చిక గురించి చెబుతారు. ఆ తరవాత ఆయనకు పెళ్లయిందన్న సంగతి గుర్తొచ్చి నోరీన్ గురించి చెబుతారు. ఆ వరస ఊరు పెట్టింది కాదు, లైలే పెట్టాడు.

రైల్వేలో సిగ్నళ్లు చూసిన మనిషి. డ్యూటీ దిగి తిన్నగా బౌల్స్ క్లబ్బుకి వచ్చేవాడు. రిటైరయ్యాక ఇంటి దగ్గర్నుంచి తిన్నగా వచ్చేవాడు. ఇరవయ్యారేళ్లుగా మా క్లబ్బు పచ్చిక ఆయన చేతిలోనే ఉంది. తెల్లబట్టలు వేసుకుని నల్లబంతులు మెల్లగా దొర్లించుకునే ఆట మాది. నేల బల్లలా ఉండాలి. లైల్ పొద్దున్నే మోకాళ్ల మీద కూచుని, చెంప నేలకు ఆనించి, ఎక్కడ గడ్డి వెంట్రుకవాసి పెరిగిందో చూసేవాడు. ఏ మూల దాహంగా ఉందో గేటు దగ్గర్నుంచే చెప్పేవాడు. నోరీన్ జుట్టు పొట్టిగా కత్తిరించుకుని వస్తే గుర్తుపట్టడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. అదీ క్లబ్బులో మా బెవన్ చెబితే.

నేను ఆ క్లబ్బు కార్యదర్శిని, పేరు మెర్విన్. మీటింగుల్లో ఎవరు ఏం వాగినా దాన్ని మర్యాదస్తుల భాషలోకి మార్చి పుస్తకంలో రాసిపెట్టడం నా పని. అందుకే ఈ సంగతులు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. పుస్తకంలో రాయనివీ తెలుసు.

ఆ ఏడు చలికాలం చివర్లో పచ్చిక మీద కుందేళ్లు పడ్డాయి. రోజూ పొద్దున్నే నాలుగు చోట్ల గీరి, గుంటలు చేసి, గింజల్లాంటి పెంటికలు పోసి వెళ్లేవి. మా అధ్యక్షుడు రెక్స్ ఓల్డేకర్ ఒక్కో గుంట పక్కనా ఒక్కో చిన్న జెండా గుచ్చాడు. అది కోపం అనుకున్నాం కానీ, సంతోషం. ఆయన అల్లుడు పట్నంలో ప్లాస్టిక్ పచ్చిక అమ్ముతాడు.

"ఇక లాభం లేదు. అసలు గడ్డి పీకేసి ప్లాస్టిక్‌ది పరిచేద్దాం. నీళ్లక్కర్లేదు, కోతక్కర్లేదు, కుందేలు దాని మొహం కూడా చూడదు," అన్నాడు కమిటీ మీటింగులో.

లైల్ లేచాడు. మీటింగుల్లో ఆయన లేవడం అదే మొదటిసారి.

"కోతక్కర్లేదా? మరి నేనేం చెయ్యాలి రెక్స్? రోజూ పొద్దున్నే వచ్చి తుడవమంటావా?" అన్నాడు. అక్కడున్న పదిమందిమీ బల్ల వైపు చూశాం. డెబ్బై ఒక్కేళ్ల మనిషికి అది తప్ప ఇంకో పని లేదని మాకందరికీ తెలుసు.

చివరికి ఒక గడువు తేలింది. పచ్చిక చుట్టూ లైల్ కంచె కట్టుకోవచ్చు. సీజను మొదలయ్యే శనివారానికి నేల మీద ఒక్క కొత్త గుంట కనబడినా సరే, ప్లాస్టిక్ తీర్మానం ఆ రోజే పెడతారు. నేను రాసుకున్నాను.

మా ఊళ్లో ఏ పని చెయ్యాలన్నా ఆదివారం అందర్నీ పిలుస్తారు. అందరూ వస్తారు. ఇద్దరు పని చేస్తారు, తక్కినవాళ్లు బీరు సీసా పట్టుకుని ఆ ఇద్దరికీ సలహాలిస్తారు. ఆ ఆదివారం పదమూడుమంది వచ్చాం. పనిచేసిన ఇద్దరిలో ఒకడు లైల్, రెండోవాణ్ణి నేను.

అది పెద్ద కంచేమీ కాదు. మోకాలెత్తు. కోళ్ల దొడ్డికి కట్టే సన్న కన్ను ఇనప జాలీ. ముందు మూడు వైపులా దారం లాగి వరస చూసుకున్నాం. రెండడుగులకో ఇనప ఊచ దిగ్గొట్టాం. జాలీ చుట్ట విప్పుకుంటూ పోయి, ఒక అడుగు వెడల్పు కింద మడిచి బయటి నేల మీద పరిచాం. ఆ మడత మీద వంకీ మేకులు కొట్టాం. జాలీని ఊచలకు బైండింగ్ వైరుతో బిగించాం. నాలుగోవైపు క్లబ్బు వరండా ఉంది కాబట్టి అటు కంచె అక్కర్లేదని అందరూ ఏకగ్రీవంగా చెప్పారు. సలహాదారులందరూ ఒక్కమాట మీద నిలబడింది ఆ ఒక్క విషయంలోనే.

"ఒరేయ్ లైల్, ఇంత పొట్టి కంచేంట్రా? కుందేలు పడీ పడీ నవ్వుతుంది," అన్నాడు బెవన్. వాడు మాంసం కొట్టు నడుపుతాడు.

"కుందేలు దూకదురా సన్నాసీ, తవ్వుతుంది. జాలీ మొదట్లో తవ్వబోతే ఈ మడత గోళ్లకు తగులుతుంది. ఒక అడుగు వెనక్కెళ్లి తవ్వాలన్న తెలివి దానికి లేదు."

"దానికే కాదు, మన రెక్స్‌కీ లేదులే."

"విన్నాను బెవన్," అన్నాడు రెక్స్ కుర్చీలోంచి.

"వినాలనే అన్నాను అధ్యక్షా. ఆ సీసా ఇలా అందుకో."

మధ్యాహ్నానికి కంచె పూర్తయింది. లైల్ ఒక చివర నిలబడి, ఒక కన్ను మూసి, వరసంతా చూసుకున్నాడు. పెళ్లిలో ఫొటో దిగినప్పుడు కూడా ఆయన మొహం అంత వెలిగి ఉండదు. బెవన్ పొట్టికాళ్ల కుక్క డస్టర్ రోజూ పచ్చిక మీద షికారు కొట్టేది. అది వచ్చి జాలీకి ముక్కు ఆనించి, దూకలేక, అవమానపడి వెళ్లిపోయింది.

తరవాత భోజనాలు. ఇక్కడ మా ఊరి మర్యాద ఒకటి చెప్పాలి. పని ఆదివారమైనా ఆట శనివారమైనా, మగవాళ్లం సాసేజీలు కాలుస్తాం. ఆడవాళ్లు తలో గిన్నెడు సలాడ్ తెస్తారు. సాసేజీని రొట్టెలో పెట్టి, ఉల్లిపాయ వేసి, టమాటా సాస్ పోసుకుని తింటాం. సలాడ్ జోలికి పోం. నా భార్య ఎల్మా డబ్బా బీట్‌రూట్ ముక్కలు పేరుస్తుంది. రెక్స్ భార్య వాల్డా అన్నంలో కర్రీ పొడీ కిస్‌మిస్‌లూ కలుపుతుంది. నోరీన్ క్యాబేజీ తరిగి, మీద డబ్బాపాలూ వెనిగరూ కలిపిన తియ్యటి గుజ్జు పోస్తుంది. అది లైల్ తల్లి స్వయంగా రాసిచ్చిన వంటకం.

తినకపోతే పోనీ, గిన్నె నిండుగా ఇంటికెళ్లకూడదు. వెళ్లిందంటే ఆ ఇంట్లో వారం రోజులు తలుపులు ధనధనా పడతాయి. అందుకని భోజనాలు కాగానే లైల్ లేచి, "కడిగి తెస్తా," అని గిన్నెలన్నీ ఎత్తుకుని వెనక్కి వెళ్లేవాడు. తళతళలాడించి తెచ్చేవాడు. "చూశావా, ఒక్క ఆకు మిగల్చలేదు," అని ఆడవాళ్లు మురిసేవారు. లైల్ ఎంత మంచివాడో అనేవారు. సలాడ్ ఎక్కడ పారబోస్తున్నాడని మగవాళ్లం ఎవరం అడగలేదు. ఇరవయ్యారేళ్లు మా కాపురాలు ఆయన పుణ్యమాని నిలబడ్డాయి.

మంగళవారం పొద్దున పచ్చిక మీద తొమ్మిది కొత్త గుంటలున్నాయి.

కంచె చెక్కుచెదరలేదు. జాలీ కింద ఎక్కడా గోరు పెట్టిన గుర్తయినా లేదు. రెక్స్ తొమ్మిది జెండాలు తెచ్చి గుచ్చి, "పాపం, కష్టపడ్డావు లైల్," అన్నాడు. అంత ఆప్యాయంగా ఆయన మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు తెల్లవారుతూనే నేనూ లైలూ ఫ్లాస్కులో టీ పోసుకుని వచ్చి గేటు దగ్గర మాటు వేశాం. కాస్త వెలుతురు వచ్చింది. బయటినుంచి ఒక్క కుందేలూ రాలేదు. వరండా కిందనుంచి వచ్చాయి. ఒకటి, రెండు, ఐదు, పదకొండు. తీరిగ్గా, భోంచేసి వాహ్యాళికి బయల్దేరిన పెద్దమనుషుల్లా వచ్చాయి. ముందున్న దాని మూతి ఎర్రగా ఉంది.

"మెర్వ్, దాని మూతికి దెబ్బ తగిలిందేమో చూడు," అన్నాడు లైల్.

నేను చూశాను. "దెబ్బ కాదురా. మా ఎల్మా బీట్‌రూట్."

లైల్ కప్పు కింద పెట్టి నన్ను వెనక్కి తీసుకెళ్లాడు. వరండా వెనక ఒక పలక ఊడి ఉంది. ఇరవయ్యారేళ్ల సలాడ్ ఆ సందులోంచే కిందికి వెళ్లింది. తాతల కాలంనుంచీ వాటికి అక్కడ శనివారం విందు; ఆ ఏడు మంద పెరిగి, కింద చోటు చాలక పైకొచ్చాయి. ఇప్పుడు మేం చుట్టూ జాలీ కట్టి, కుక్కను బయట ఉంచి, పచ్చికతో సహా వాటికి అప్పగించాం.

"ఇంకేం, పారబొయ్యడం మానెయ్," అన్నాను.

"గిన్నెలు నిండుగా ఇళ్లకెళ్తే?"

"చెత్తబుట్టలో వెయ్."

"చెత్తబుట్టలు ఎత్తేది ఆడవాళ్లే కదరా."

"నీ ఇంటికి పట్టుకెళ్లు."

"ఇంట్లో నోరీన్ ఉంది," అన్నాడు లైల్ నీరసంగా.

"పోనీ, వరండా ముందు కూడా జాలీ కొట్టేసి, వెనక తెరిచి వదిలేద్దాం. తిండి లేకపోతే అవే పోతాయి."

"వరండా మీద మేకు కొట్టాలంటే కమిటీ తీర్మానం కావాలి. తీర్మానానికి కారణం రాయాలి. నువ్వు రాస్తావా?"

నేను ఎల్మాను తలుచుకున్నాను. రాయనని చెప్పాను. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ రాయలేను.

శనివారం వచ్చింది. ఊరంతా తెల్లబట్టల్లో వరండా మీదికి చేరింది. ఆడవాళ్లు టీ పోస్తున్నారు. మా క్లబ్బులో వాళ్లకు టీ పొయ్యడానికి హక్కుంది, ఓటు వెయ్యడానికి లేదు. బల్ల మీద గిన్నెలు పద్నాలుగు. రెక్స్ గొంతు సవరించుకున్నాడు.

"నేలమీద గుంటలు పదిహేడు. మాట ప్రకారం, అసలు పచ్చిక తీసేసి ప్లాస్టిక్ పచ్చిక పరవాలని తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవారు?"

బెవన్ చెయ్యి సగం లేచింది. రెక్స్ వాడికి అంతకుముందే ఏదో చెప్పిపెట్టాడు.

"ఆగండి," అన్నాడు లైల్. టోపీ తీసి గుండెకు పట్టుకున్నాడు. పచ్చిక వైపే చూస్తూ మాట్లాడాడు. "కుందేళ్లు ఈ వరండా కింద ఉన్నాయి. వాటిని మేపింది నేను. సలాడ్లన్నీ ఆ వెనక పలక సందులో పోశాను. ఇరవయ్యారేళ్లుగా. తప్పు గడ్డిది కాదు, దాన్ని పీకకండి."

వాల్డా చేతిలో టీ కెటిల్ బల్ల మీద పెట్టింది.

"అన్నీనా?" అంది వాల్డా.

"అన్నీ."

"నాదీనా?" అంది ఎల్మా. అడిగింది లైల్‌నే అయినా చూసింది నన్ను. 

నోరీన్ ముందుకొచ్చింది. సన్నటి మనిషి, గొంతెత్తి మాట్లాడ్డం ఎవరూ ఎరగరు. బల్ల దగ్గరికి వెళ్లి తన గిన్నె ఎత్తింది. పెద్ద చెంచా ఒకటి అందులో గుచ్చింది. తెచ్చి లైల్ చేతిలో పెట్టింది.

"తిను."

లైల్ నిలబడే తిన్నాడు. ఆకు, గుజ్జు, ఆకు, గుజ్జు. ఆయన నమిలే చప్పుడు ఊరంతా విన్నది. ఇంతలో వాల్డా కర్రీ పొడి అన్నం గిన్నెతో రెక్స్ ముందు నిలబడింది.

"నాకెందుకు? ఆయన నా పేరు చెప్పలేదే!"

"ఇరవయ్యారేళ్లు నువ్వు తినలేదన్నది నీ మొహమే చెబుతోంది. నోరు తెరు."

ఆ తరవాత ఎవరికీ పిలుపు అక్కర్లేకపోయింది. పద్నాలుగుమంది ఆడవాళ్లు, పద్నాలుగు గిన్నెలు. ఎవరి మొగుడి ముందు వాళ్లు. రెక్స్ కిస్‌మిస్‌లు నములుతూనే, "బలప... బలపరిచే..." అన్నాడు. బెవన్ నోట్లో బంగాళాదుంప, పక్కన భార్య. చెయ్యి ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు, ఖాళీ నోరు ఎవరికీ లేదు. మూడుసార్లు అడిగినా బలపరిచేవారు లేకపోతే తీర్మానం వీగిపోతుందని మా నిబంధన. నేను నోటి నిండా బీట్‌రూట్‌తో పుస్తకం తెరిచి ఆ ముక్క రాశాను. ఆ పేజీ మీద ఎర్రటి చుక్క ఇప్పటికీ ఉంది.

అలా పచ్చిక బతికింది. వరండా ముందు జాలీ కొట్టాం, వెనక తెరిచి వదిలాం. రెండు వారాలకు కుందేళ్లు పస్తులకు తట్టుకోలేక గోధుమ చేలల్లోకి వలస పోయాయి. లైల్ ఇంకో తొమ్మిదేళ్లు ఆ నేలకు చెంప ఆనించి బతికాడు. ఆ తొమ్మిదేళ్లూ ప్రతి శనివారం నోరీన్ గిన్నె ఆయన ముందుకొచ్చేది. అడుగంటా తినేవాడు. తింటుంటే ఆమె పక్కనే కూచునేది.

కానీ ఆ మొదటి శనివారం సాయంత్రం సంగతి నేను పుస్తకంలో రాయలేదు. క్లబ్బు వంటింట్లో నోరీన్ తన గిన్నె తానే కడుక్కుంటోంది. ఏదైనా అనాలని, "పోన్లే నోరీన్, ఆ సలాడ్ చాలా బాగుంటుంది," అన్నాను.

"అబద్ధాలాడకు మెర్వ్. అది పరమ దరిద్రంగా ఉంటుంది. నేనే తినను."

"మరెందుకు చేస్తున్నావు?"

"వాళ్లమ్మ వంటకం కదా. వద్దంటే మానేద్దామని నలభై నాలుగేళ్లుగా చూస్తున్నాను. పారబోస్తున్నాడని కూడా తెలుసు. ఒక్కసారి నా మొహం చూసి, నోరీన్, ఇది బాగాలేదు అంటాడేమోనని చూశాను." గిన్నె తిప్పి నీళ్లు కార్చింది. "ఇవాళ నిజం చెప్పాడుగా. గడ్డి కోసం."

గిన్నె తుడిచి చంకన పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, వచ్చే వారం ఇంకాస్త పెద్ద గిన్నె తెస్తానంది.