చిన్నాయన అన్నందుకు

నేను చేసిన తప్పు ఉద్యోగంలో చేరిన మొదటిరోజే చేశాను. మార్కాపురంలో పలకరాయి ఎగుమతి చేసే ఒక కంపెనీలో కంప్యూటర్ ముందు కూర్చునే పని దొరికింది. తర్లుపాడు దగ్గర మా ఊరి నుంచి బస్సెక్కి, దిగి, కొత్త చున్నీ సర్దుకుంటూ లోపలికి వెళ్తే మేనేజర్ ఎదురొచ్చి ఎవరమ్మా నువ్వు అన్నాడు. భయానికి నా నోట్లోంచి "నేను చిన్నాయనా, కొత్తగా చేరినాను" అని వచ్చేసింది. మా వైపు అంతే. నాయన వయసు మనిషి కనబడితే చిన్నాయనో పెదనాయనో అయిపోతాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ రోజు నుంచి ఐదేళ్లపాటు నేను ఆయన కూతుర్ని.

కూతురన్నాక మర్యాదకేం లోటు లేదు. సాయంత్రం బజ్జీలు తెప్పిస్తే మొదటి పొట్లం నాకే. మబ్బు పడితే చాలు, తడుస్తావు అమ్మాయ్, ఇంటికి పో అనేవాడు. కానీ రాయి కోసే షెడ్డులో అడుగుపెట్టబోతే దుమ్ము అనేవాడు. లారీ దగ్గరికి పోతే ఎండ అనేవాడు. సరుకు కొనేవాళ్లు వస్తే మగవాళ్ల మధ్య నీకెందుకు అనేవాడు. నా తర్వాత రెండేళ్లకు గిద్దలూరు నుంచి ఒకతను చేరాడు. వచ్చిన రోజే ఆయన్ని "మామా" అన్నాడు. ఆ తెలివికి నాకు ఈరోజుకీ ఒళ్లు మండుతుంది. అల్లుడన్నాక షెడ్డు తాళాలు చేతికొచ్చాయి, కొనేవాళ్లతో కాఫీ తాగే కుర్చీ వచ్చింది. నిజానికి ఆయనకు మా ఇద్దరిలో ఎవరూ చుట్టం కాదు.

అంతలో డిస్పాచ్ ఇన్‌ఛార్జి మానేస్తున్నాడని తెలిసింది. సరుకు చూసి, పెట్టెల్లో సర్దించి, లారీ ఎక్కించే బాధ్యత ఆయనది. ఆ కుర్చీ నాకు కావాలి! ఏ ఊరికి ఏ సైజు ఎన్ని పెట్టెలో కంప్యూటర్ తెరవకుండా చెప్పగలను. ఇంట్లో ఈ మాట చెబితే, గొర్రెల్ని దొడ్లోకి తోలుతున్న నాయన వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"నోరు తెరిచి అడిగినావా?"

అడగలేదు. మర్నాడు అడిగాను. మేనేజర్ నవ్వి, చూద్దాంలే అమ్మాయ్, నీకెందుకా తలనొప్పి అన్నాడు. వారం తిరగకముందే ఆ పని అల్లుడికేనని ఆఫీసంతా చెప్పుకున్నారు. బెంగళూరు పార్టీ వచ్చి సరుకు చూసి వెళ్లగానే కాగితం చేతికిస్తారట.

నా కుర్చీ వెనక కిటికీ షెడ్డులోకి తెరుచుకుంటుంది. అక్కడ పనిచేసే ఒక అక్క, పెట్టెలో పెట్టేముందు ప్రతి పలకనూ అంచున పట్టుకుని ఇనుప చువ్వతో తట్టి చూస్తుంది. మంచి రాయి ఖంగుమంటుంది. కంటికి కనబడని పగులుంటే పగిలిన కుండలా పలుకుతుంది. దాన్ని పక్కన పారేస్తుంది. ఐదేళ్లుగా ఆ చప్పుడు వింటూనే టైపు చేశాను. మెడగంట వినబడకపోతే ఏ గొర్రె తప్పిపోయిందో మా నాయన ఇట్టే చెప్పేస్తాడు. ఆ చెవి నాకూ వచ్చినట్టుంది.

బెంగళూరు వాళ్లు రావడానికి ముందురోజు మధ్యాహ్నం ఆ చప్పుడు ఆగిపోయింది. పెట్టెలు సర్దుతూనే ఉన్నారు, చువ్వ మాత్రం మోగడంలేదు. లేచి నేరుగా షెడ్డులోకి వెళ్లాను. మొదటి మూడూ తట్టి సర్దినవే, ఆఖరుదైన నాలుగో పెట్టె నిండుతోంది. టైము లేదు, తట్టొద్దు, పైపైన చూసి పెట్టేయండి అని అల్లుడుగారు చెప్పి వెళ్లాడని అక్క చెప్పింది. ఒక్క పరుగున పోయి మేనేజర్‌కి చెప్పాను. అల్లుడు చూసుకుంటాడులే, నువ్వు పోయి కాగితాలు టైపు చేసుకో అన్నాడు. కోపంతో నా చెవులు వేడెక్కాయి. చిన్నాయనా అని పిలిచినన్నాళ్లు ఈయన నా మాట వినడని అప్పుడర్థమైంది. ఆ సాయంత్రం బస్సులో ఇంటిదాకా ఒకటే మాట లోలోపల అనుకుంటూ వెళ్లాను, నోరు తిరగాలి కదా!

పొద్దున్నే బెంగళూరు కారు గిద్దలూరు దాటిందని ఫోనొచ్చింది. మేనేజర్, పక్కన అల్లుడు, వెనక షెడ్డువాళ్లంతా పెట్టెల వరస చూసుకుంటూ వస్తున్నారు. నేను పోయి నాలుగో పెట్టె దగ్గర నిలబడ్డాను.

"సార్, ఈ పెట్టె విప్పించండి."

ఎవరో వచ్చారనుకుని ఆయన వెనక్కి తిరిగి చూశాడు. షెడ్డువాళ్లు తప్ప ఎవరూ లేరు.

"ఏంది అమ్మాయ్, నేను నీకు సారునా?"

"దీంట్లో రాయి తట్టి చూడలేదు సార్. బెంగళూరు వాళ్లు తడతారు."

నేను చూశానుగా మామా అన్నాడు అల్లుడు. మేనేజర్ అతన్ని చూశాడు, నన్ను చూశాడు, మా చుట్టూ మూగిన జనాన్ని చూశాడు. అంతమందిలో చూద్దాంలే అనడానికి వీల్లేకపోయింది. మేకులు పీకమన్నాడు.

అక్క చేతిలో చువ్వ తీసుకుని నేనే తట్టాను. పై వరస అంతా ఖంగుఖంగుమంది. రెండో వరసా అంతే. అల్లుడు చిన్నగా నవ్వాడు. మూడో వరసలో రెండో పలక పగిలిన కుండలా పలికింది. దేవుడా, పగిలిన రాయిని చూసి అంత సంతోషపడింది ఈ లోకంలో నేనొక్కదాన్నే అయుంటాను! దాని కింద ఇంకా ఆరు దొరికాయి. గబగబా మంచివి పెట్టి మేకులు కొడుతుండగానే కారు వచ్చి ఆగింది. దిగినాయన కాఫీ కూడా ముట్టకుండా సంచిలోంచి చిన్న సుత్తి తీసి, తనకు నచ్చిన పెట్టెలన్నీ విప్పించాడు. ప్రతి రాయీ మోగింది. నేను కిటికీ వెనక్కి పోయి నిజంగానే గంతేశాను.

మధ్యాహ్నం మేనేజర్ పిలిచాడు. ముఖం చిన్నబోయి ఉంది. బల్ల మీద షెడ్డు తాళాలు, ముందు తెల్లకాగితం, చేతిలో పెన్ను. ఇన్‌ఛార్జి కాగితం రాస్తున్నానని చెప్పి, పెన్ను ఎత్తి నా వైపు చూశాడు.

"నీ పేరేంది?"

పరాచికం ఆడుతున్నాడనుకున్నాను. కాదు. నెలనెలా హాజరు పట్టీ మీద సంతకం పెడుతున్న మనిషికి, అందులో ఏ పేరు నాదో తెలియదు. ఐదేళ్లూ అమ్మాయినే. నాకు కోపం రావాలి, కానీ నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇంటిపేరుతో సహా చెప్పాను. ఆయన రాసి, సరిగ్గా ఉందో లేదోనని ఒకసారి పైకి చదివాడు.

ఉంది సార్ అని తాళాలు తీసుకున్నాను.