ఇసుక కోట కింద సొరంగం

తొంభైల చివర్లో కొత్తగూడ దగ్గర ఒక చిన్న బడిలో సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. కొత్త భవనాల కోసం చుట్టుపక్కల రోజూ ఎక్కడో ఒకచోట బండలు పేల్చేవారు. ఢామ్మని మోగగానే పిల్లలు పాఠం వదిలేసి కిటికీల దగ్గరికి పరుగెత్తేవారు. మొదటి ప్రపంచ యుద్ధం చెప్పేటప్పుడు ఆ మోతే నాకు సాయపడింది. కందకాల్లో ఎదురెదురుగా చిక్కుకున్న సైనికులు నేలకింద సొరంగాలు తవ్వి, శత్రువు స్థావరం అడుగున మందుగుండు పేల్చేవారని చెప్పాను. అవతలివాళ్లూ తవ్వుతున్నారేమోనని మట్టిగోడకు చెవి ఆనించి వినేవారన్నాను.

"మనం గూడ తవ్వుదం టీచర్!" అంది వెనక బెంచీ పిల్ల. వాళ్ల నాన్న పాలమూరు నుంచి వచ్చిన తాపీమేస్త్రీ.

బడిలో కొత్త గది కట్టడానికి తెప్పించిన ఇసుక ఆవరణలోనే ఉంది. హెడ్మాస్టరుగారిని అడిగాను. "చేతులే దూర్చాలండీ, తలకాయలు కాదు" అని షరతు పెట్టి, తీర్పు చెప్పడానికి తానే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఇసుక తడిపి, కుప్పకు రెండు కొసలా రెండు కోటలు కట్టారు. ఒకటి ఆ పిల్ల జట్టుది, ఇంకొకటి బెజవాడ నుంచి కొత్తగా వచ్చి చేరిన అబ్బాయి జట్టుది. మందుగుండుకు బదులు ఆ పిల్ల పాత సైకిల్ ట్యూబు, పంపు పట్టుకొచ్చింది. "వాళ్ల కోట కింద పెట్టి గాలి కొడ్త. జర ఆగి చూడుండ్రి" అంది.

భుజం దాకా చెయ్యి దూర్చి తవ్వుతున్నదల్లా ఉన్నట్టుండి కెవ్వుమంది.

"టీచర్, లోపల ఎవరిదో చెయ్యి!"

"నా వేళ్లు ఎవరో పట్టుకున్నారండీ!" అని అటునుంచి అబ్బాయి అరిచాడు.

రెండు సొరంగాలూ కలిసిపోయాయి. నిజం యుద్ధంలో అలా ఎదురుపడిన సైనికులు ఆ చీకట్లోనే ఒకరినొకరు చంపుకునేవారు. వీళ్లిద్దరూ మాత్రం పగలబడి నవ్వుతున్నారు.

"ఇడువు!"

"ముందు నువ్వు వదులు!"

చివరికి అబ్బాయే లొంగిపోయాడు. "మా కోట కిందే పెట్టు. ఎలా లేస్తుందో చూడాలనుంది" అన్నాడు. ట్యూబు లోపలికి నెట్టి ఇద్దరూ కలిసి పంపు కొట్టారు. కోట మెల్లగా ఉబ్బింది, నిలువునా పగిలింది, ఒక్కసారిగా కూలిపోయింది. ఓడిన జట్టే ఎక్కువ గంతులేసింది.

హెడ్మాస్టరుగారు కుర్చీలోంచి లేచి చొక్కా చేతులు మడుచుకున్నారు.

"ఇంకోటి కట్టండర్రా. ఈసారి పంపు నేను కొడతా."