గాలి తినడానికి వెళ్ళిన ఆదివారం

నా చిన్నప్పుడు మా రబ్బరు తోటలో కూలీల ఇళ్ళ వరసల చుట్టూ ముళ్ళకంచె ఉండేది. ఊరు మలేషియాలో, ఇప్పటి తెలుక్ ఇంటాన్‌కు దగ్గర, అప్పుడు దాన్ని తెలుక్ ఆన్సన్ అనేవారు. అవి తెల్లదొరలు అక్కడ విధించిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో దాక్కుని పోరాడేవాళ్ళకు తిండి అందకూడదని గేటు దగ్గర అందరినీ తడిమి చూసి గానీ బయటికి వదిలేవారు కాదు. గుప్పెడు బియ్యం గాని, ఒక ముద్ద అన్నం గాని గేటు దాటడానికి వీల్లేదు. మా అమ్మా నాన్నా చీకటితోనే రబ్బరు పాలు గీయడానికి ఖాళీ కడుపుతో వెళ్ళి, ఎండెక్కాక తిరిగొచ్చి తినేవారు. నేను పుట్టి పెరిగింది ఆ కంచె లోపలే కాబట్టి, ప్రపంచంలో మనుషులందరూ ఇలాగే ఉంటారనుకునేదాన్ని.

తర్వాత మెర్డేకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చింది. మరికొన్నాళ్ళకు మా ప్రాంతానికి ఆంక్షలు ఎత్తేశారు. కాపలావాళ్ళు వెళ్ళిపోయారు, గేటు రాత్రింబవళ్ళు తెరిచే ఉంటోంది. పెద్దవాళ్ళ ఆనందానికి పట్టపగ్గాలు లేవు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. లారీ ఎక్కమంటే ఎక్కేదాన్ని, బస్సు ఎక్కమంటే ఎక్కేదాన్ని. కాలినడకన గేటు దాటమంటే మాత్రం నేలకు అతుక్కుపోయేదాన్ని. తప్పు నాది కాదు, మా నానమ్మదీ కాదు. కంచె దాటి అడుగు వేసినవాళ్ళు తిరిగి రారని ఆవిడ మాకు ఉగ్గుపాలతో నూరిపోసింది. అలా చెప్పకపోతే అప్పట్లో పిల్లల్ని కాపాడుకోవడం ఎలా?

చిక్కంతా బడి దగ్గర వచ్చింది. తోటలోని తెలుగు బడి చదువు అయిపోయింది. జనవరిలో టౌనులోని ఇంగ్లీషు బడిలో చేరాలి. టౌను బస్సు పెద్ద రోడ్డు మీద ఆగుతుంది. మా గేటు నుంచి ఆ రోడ్డు దాకా రబ్బరు చెట్ల మధ్య నడవాలి. అమ్మా నాన్నా ఆ వేళకి పనిలో ఉంటారు, నానమ్మ గేటు దాటదు. ఒక్కదాన్నీ నడవలేనని నేను ఏడ్చి గోల చేశాను. సరేలే, నాలుగేళ్ళు పోతే నాతోపాటు చెట్లు గీసే కత్తి పట్టుకుంటుంది అంది అమ్మ. ఆ మాటకు నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయాడు. మర్నాడే టౌనులో ఉన్న తన అక్కకు కబురు పంపాడు.

మా అత్త ఆదివారం పొద్దున్నే దిగింది. బారు మనిషి, పెద్ద నవ్వు, చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డ సంచి. ఒక చోట కుదురుగా కూర్చుంటే ఆవిడకు ఒళ్ళు నొప్పులు వచ్చేవి. ఆంక్షలున్నన్నాళ్ళూ తిరగలేకపోయిన తిరుగుళ్ళన్నీ వడ్డీతో సహా తిరిగేస్తానని నవ్వుతూ అనేది. వచ్చీ రాగానే నన్ను తీసుకుని మకాన్ ఆంగిన్‌కి వెళ్తానంది. మలాయ్‌వాళ్ళు షికారుకు వెళ్ళడాన్ని మకాన్ ఆంగిన్ అంటారు. మాటకు మాట చెప్పాలంటే, గాలి తినడం. నానమ్మకు ఒళ్ళు మండింది. ఆవిడకు తెలిసిన మాట గాలి తిరుగుళ్ళు ఒక్కటే, అది తిట్టు.

"ఆడపిల్లని ఎంటేసుకుని గాలి తిరుగుళ్ళేటే నీకు? ఏటి పనుందని ఎల్తన్నావు?" అంది.

"ఏటీ పని లేదు లా, అమ్మా. పనుంటే ఎల్లడం అందరూ ఎల్తారు," అంది అత్త, టౌనువాళ్ళలా మాట చివర లా తగిలిస్తూ.

ఈలోగా నేను నా ఏర్పాట్లలో ఉన్నాను. షికారు అనే అర్థం నాకు తెలీదు. మకాన్ అంటే తినడం, ఆంగిన్ అంటే గాలి, ఇంతవరకే తెలుసు. నా లెక్క నాకు సరిగ్గానే ఉంది: గేటు దాటి అన్నం పోనివ్వరు, కాబట్టి బయట తిరిగేవాళ్ళు గాలే తింటారు. పొట్టలో చోటుండాలని అమ్మ పెట్టిన చద్దన్నం ముట్టుకోలేదు. జ్వరమేమో అని అమ్మ నా మెడ కింద చెయ్యి పెట్టి చూసింది.

గేటు నుంచి పెద్ద రోడ్డు దాకా తోట లారీలో వెళ్ళాం, అక్కడ బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చుని నోరు బార్లా తెరిచాను. గాలి బోలెడంత వచ్చింది, గొంతు ఎండిపోయింది, ఆకలి మాత్రం పెరిగింది. చివరికి ఉండబట్టలేక, అత్తా, నా కడుపు నిండడం లేదని చెప్పాను. ఆవిడకు సంగతి అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకెవరైనా అయితే నవ్వి బస్సంతా చాటేవాళ్ళు. ఆవిడ గొంతు సవరించుకుని, ఎంతో పెద్ద విషయం చెబుతున్నట్టు, బస్సులో గాలి పలచన, అది కడుపు నింపదు, నడుస్తూ తినాలి అని చెప్పింది.

పేరాక్ నది పక్కన ఒక మలాయ్ పల్లె దగ్గర దిగాం. నది గట్టు మీద సన్నటి కాలిబాట. నేను అత్త చీర కుచ్చిళ్ళు పట్టుకుని దిగినచోటే నిలబడిపోయాను. ఆవిడ నన్ను బతిమాలలేదు, భయమెందుకని అడగలేదు. ఇక్కడ గాలి చప్పగా ఉంది, ఆ కొబ్బరి చెట్టు దగ్గర బాగుంటుందేమో చూద్దామంది. అక్కడికెళ్ళాం. నిజంగానే బాగుంది. తర్వాత పడవల దగ్గర ఉప్పగా ఉంటుందంది, ఉప్పగానే అనిపించింది. బురదలో గెంతే చేపల్ని చూడటానికి ఒకసారి, కోతుల పోట్లాట చూడటానికి ఒకసారి ఆగాం. ఎప్పుడు వదిలేశానో తెలీదు, చీర కుచ్చిళ్ళు నా చేతిలో లేవు. ఇంటి మెట్ల మీద కూర్చున్న ఒక మలాయ్ ముసలావిడ ఎక్కడికని అడిగింది. మకాన్ ఆంగిన్ అంది అత్త. అదేదో ముఖ్యమైన పని అయినట్టు ఆవిడ తల ఊపి, సరే వెళ్ళిరమ్మంది.

ఎండ ముదిరాక ఒక చెట్టు నీడన కూలబడ్డాం. అత్త సంచిలోంచి అరటాకు పొట్లం తీసి విప్పింది. చింతపండు పులిహోర, ఆవపెట్టి చేసింది. ఆ వాసన తగలగానే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. బయట అన్నం! పరికిణీ చెరగు లాగి పొట్లం మీద కప్పేశాను.

"దాసెయ్ అత్తా, దాసెయ్. ఎవలైనా సూస్తే పట్టుకుపోతారు."

నవ్వే మనిషి నవ్వలేదు. కళ్ళు నిండాయి, తుడుచుకోలేదు. పరికిణీ చెరగు మెల్లగా పక్కకు తీసి, పొట్లం పూర్తిగా విప్పి దారి మీదికి జరిపింది.

"సూడనీ. ఇది మన కూడు తల్లీ. ఎక్కడ కూకుని తిన్నా మనదే," అంది.

అప్పుడే సైకిలు మీద ఒకాయన వస్తున్నాడు. నేను బిగుసుకుపోయాను. అత్త ఎడం చేత్తో పొట్లం చూపిస్తూ తినడానికి రమ్మని మలాయ్‌లో పిలిచింది. ఆయన నవ్వి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, తినండి అంటూ వెళ్ళిపోయాడు. అంతే, ఇంకేమీ జరగలేదు. మొదటి ముద్ద అత్త పెట్టింది, తర్వాతవి నేనే తిన్నాను, ఆవిడ వాటాలో కూడా చెయ్యి పెట్టాను. అంత సంతోషంగా నేను ఎప్పుడూ అన్నం తినలేదు. మెర్డేకా వేడుకలప్పుడు జెండాలు, బాజాలు అన్నీ చూశాను, కానీ నా వరకు నాకు అది వచ్చింది ఆ చెట్టు కిందే.

గట్టు దిగితే రబ్బరు చెట్లు. ఎవరి తోట అని అడిగితే, ఎవరిదో, పోయి చూద్దామంది. ఎండకు కాయలు టప్ టప్‌మని పేలుతున్నాయి. ఆ గింజల్ని గచ్చు మీద రుద్ది ఒంటికి ఆనిస్తే చురుక్కుమంటుంది, పిల్లలకు అదొక ఆట. మా ఇళ్ళ దగ్గర దొరికేవి కొన్నే. ఇక్కడ నేలంతా అవే. ఒడి నింపుకుంటూ, ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పరుగెత్తుతూ అత్త కంటే ముందు వెళ్ళిపోయాను. ఎదురుగా తుప్పు పట్టిన ముళ్ళకంచె కనబడింది. దాని వెనకాల ఇరుకు ఇళ్ళ వరసలు, కుళాయి దగ్గర ఆడవాళ్ళు, తీగల మీద బట్టలు. అంత చోటు బయట పెట్టుకుని వీళ్ళంతా అందులో ఎందుకున్నారోనని జాలేసింది. లోపల ఎవరుంటారని అడిగాను.

"నువ్వే సెప్పాల," అంది అత్త, ఎటో చూస్తూ.

ఇంతలో ఒక ముసలావిడ చాప మీద ఎండుమిరపకాయలు నెరుపుతూ కోళ్ళను తిట్టింది. ఆ తిట్లు నాకు కంఠతా వచ్చు. మా నానమ్మ! బస్సు చుట్టు తిరిగి వెళ్ళింది, మేము అడ్డదారిన వెనక్కి వచ్చేశాం. నేను పుట్టినప్పటి నుంచి భయపడిన చెట్ల మధ్యే, ఇందాకటి నుంచి గింజలు ఏరుకుంటున్నాను.

నానమ్మ తలెత్తి నన్ను కంచెకి అవతల చూసింది. చేతిలో మిరపకాయలతో అలాగే లేచి వచ్చింది. ముఖం పాలిపోయింది. నేను తీగల సందులోంచి గుప్పెడు గింజలు ఆవిడ చేతిలో పోసి, ఇటు ఏమీ లేదు నానమ్మా, ఇవే ఉన్నాయి అని చెప్పాను. ఆవిడ గింజల్ని చూసింది, నన్ను చూసింది, అత్తను చూసింది. తిన్నావా అని అడిగింది. బయటే తిన్నానన్నాను. ఆవిడ గింజల్ని కొంగున ముడి వేసుకుంది.

జనవరిలో నేను బడికి నడిచి వెళ్ళాను. మొదటి రోజు గేటు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే నానమ్మ నిలబడి ఉంది. నన్ను సాగనంపడానికి అనుకున్నాను. ఆవిడ చీర ఎత్తి కట్టుకుని, గేటు దాటి, నా పక్కకు వచ్చింది.

"పద. నానూ కూసింత గాలి తింటాను," అంది.

రోడ్డు దాకా ఇద్దరం నడిచాం. ఆవిడ ప్రతి చెట్టునూ కొత్త చుట్టాన్ని చూసినట్టు చూసింది. నా బస్సు కదిలాక అదే దారిన ఒక్కతే ఇంటికి తిరిగి వెళ్ళింది, నేను కిటికీలోంచి చూశాను. చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, నాకే ఇప్పుడు మనవలు. ఏ కొత్త చోటైనా భయం వేసిందంటే ఇప్పటికీ ఎవర్నో ఒకర్ని వెంటబెట్టుకుని, ఆనాడు అత్త నన్ను తీసుకొచ్చినట్టే అటువైపు నుంచి నడిచి వస్తాను.