గద్దాయన ఏడో గుహ దాటిన వారం

గద్దాయనకు కోపమొస్తే ఇంట్లో అందరికంటే ముందు తలుపులకు తెలిసేది. క్రేన్ దింపేసిన ఆ మూడు నెలల్లో వంటింటి తలుపు గడియ రెండుసార్లు ఊడింది. రెండుసార్లూ భార్యే, ఆయన బయటికి వెళ్ళిన సమయం చూసి, ఎవరికీ చెప్పకుండా మేకు కొట్టి బిగించింది.

సరుకుల యార్డులో ముప్పై ఒక్కేళ్ళు క్రేన్ నడిపిన మనిషి. అరవై అడుగుల ఎత్తున, అద్దాల గదిలో కూర్చుని గద్దలా కిందికి చూస్తుంటాడని ఆయనకు గద్దాయన అని పేరు పెట్టారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. ఆయన దించిన పెట్టెలో కోడిగుడ్లున్నా పగలవని కూలీలు చెప్పుకునేవారు. అలాంటిది ఒక మధ్యాహ్నం ఇనప గొట్టాల కట్ట ఊగి, లారీ పక్క అద్దాన్ని పగలగొట్టింది. ఎవరి ఒంటి మీదా గీత కూడా పడలేదు, దేవుడి దయ. కానీ మర్నాటి నుంచి ఆయన్ని సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళకు చేతితొడుగులు, తాళ్ళు, నూనె డబ్బాలు అందించడం పని. మళ్ళీ క్రేన్ ఎక్కాలంటే చేతి చురుకు పరీక్ష నెగ్గాలి. బల్బు వెలగ్గానే బటన్ నొక్కాలి, పదిసార్లు. దానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టాల్సిన కాగితం ఆయన చొక్కా జేబులోనే నలిగిపోయింది. అద్దం పగిలింది గాలి వల్ల, తన చేతి వల్ల కాదని వాదించేవాడే గాని, సంతకం మాత్రం పెట్టలేదు.

కొడుకు దగ్గర ఆటల కన్సోల్ ఉంది. నెలనెలా చందా కడితే కొత్త ఆటలతో పాటు నలభై ఏళ్ళనాటి పాత ఆటలు కూడా టీవీలోకి వస్తాయి. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే కోడలు ఒక సాయంత్రం ఆ జాబితా తిప్పుతుంటే ముత్యాల ఈతగాడి ఆట కనిపించింది. మామగారు కుర్రతనంలో బస్టాండు పక్కన ఆటల కొట్టులో ఆ ఆటతోనే పేరు మోశాడని అత్తగారు చెప్పగా విన్నది. ఒక్క నాణెంతో ఏడు గుహలూ దాటేవాడట. ఇంక ఇంటికి పో నాయనా అని కొట్టాయన బతిమాలేవాడట. మనిషి కాస్త నవ్వుతాడని పెట్టింది, పాపం.

మనిషి నవ్వలేదు. మూడో గుహలో రాళ్ళు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. ఆ సందులోంచి ఈతగాడు దూరాలి. దూరలేదు. నలిగి చచ్చాడు. మళ్ళీ చచ్చాడు. పన్నెండోసారి చచ్చాక, ఆ కన్సోల్ పెట్టె బాగాలేదని, తను నొక్కాక వాడు తీరిగ్గా కదులుతున్నాడని గద్దాయన తేల్చేశాడు. కొడుకు ఊరుకుని ఉంటే బాగుండేది.

"పెట్టె బాగానే ఉంది నాన్నా. వయసు కూడా చూసుకోవాలి కదా."

గడియ ఊడిన రెండోసారి అదే.

అక్కణ్ణుంచి అది ఆట కాదు, పంతం. పని నుంచి రాగానే చెప్పులు కూడా విప్పకుండా టీవీ ముందు కూలబడేవాడు. పళ్ళెం పక్కన పెడితే అది చల్లారేది. మూడో గుహ దాటలేని చేయి క్రేన్ ఎలా నడుపుతుందని ఆయన నోటితో అనలేదు గాని, ఇంట్లో అందరికీ వినబడుతూనే ఉంది.

ఒక గురువారం దాటాడు. మూడోది దాటి, నాలుగు, అయిదు, అలా ఏడో గుహ కూడా దాటి ముత్యం పట్టుకున్నాడు. మనవరాలు పక్కనే నిద్రపోతోందని టీవీ శబ్దం పూర్తిగా తీసేశారు, అందుకని ఇంటిల్లిపాదీ గుసగుసగానే సంబరపడ్డారు. ఆయన ఆ రాత్రి రెండుసార్లు వడ్డించుకు తిన్నాడు. మర్నాడు యార్డుకు పోయి, జేబులోని కాగితం సాపు చేసి సంతకం పెట్టి ఇచ్చేశాడు. సోమవారం పరీక్ష అన్నారు.

ఆదివారం పగలు కొడుకూ కోడలూ దుకాణాలకు వెళ్ళారు. పెద్దాయన తనే టీవీ పెట్టుకుని, ఈసారి శబ్దం కూడా పెంచాడు. ఆ ఆటకో చిన్న పాట ఉంది. ముప్పై ఒక్కేళ్ళు క్రేన్ గదిలో ఒంటరిగా ఈల వేసుకున్నది ఆ పాటే. అలవాటుగా ఈల కలిపాడు. రెండో చరణానికి వచ్చేసరికి పాట వెనకబడిపోయింది. తనే తొందరపడ్డాననుకుని మొదట్నుంచి వేశాడు. మళ్ళీ అంతే. చెప్పుల్లో ఇసక పోసుకుని నడుస్తున్నట్టు పాట ఈడుస్తోంది. కంట్రోలర్ మీద ఆ బటనూ ఈ బటనూ నొక్కగా చివరికో పట్టిక వచ్చింది. అందులో ఆట వేగం, నూటికి డెబ్భై అయిదు.

కోడలు గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఆయన కుర్చీలో నిటారుగా ఉన్నాడు. అరవలేదు. దాంతో ఆమెకు ఇంకా భయం వేసింది.

"ఎవరు తగ్గించారమ్మా?"

"నేనే మామయ్యా. మీరు సరిగ్గా భోంచెయ్యట్లేదు. ఒక్కసారి గెలిస్తే మనసు కుదుటపడుతుందని..."

"ఆ గెలుపు చూసుకునే సంతకం పెట్టాను. రెండు టన్నుల ఇనుము పైకెత్తుతాను. కింద మనుషులు నడుస్తారు. అది వాళ్ళ నెత్తిన పడుతుంటే, అప్పుడు వచ్చి దాన్ని నెమ్మది చేస్తావా?"

మంచికే చేసిందని అత్తగారు అడ్డం రాబోయింది. ఆయన తల తిప్పి చూశాడు. భార్యకూ తెలుసని ఆమె మొహమే చెప్పింది. కొడుక్కీ తెలుసు.

"ముగ్గురూ కలిసి నన్ను ఉయ్యాల్లో వేసి జోకొట్టారన్నమాట," అన్నాడు. తలుపు జోలికి పోలేదు. వేగం నూటికి నూరు చేయించి ఆడాడు. వంట అయ్యేవరకూ మూడో గుహలోనే చచ్చాడు. కోడలు కన్నీళ్ళు తుడుచుకుంటూ అక్కడే కూర్చుంది గాని లేచి వెళ్ళలేదు.

సోమవారం పొద్దున పరీక్ష గదిలోకి వెళ్తే సూపర్‌వైజర్ ఎదురొచ్చి కుర్చీ లాగాడు. పాతికేళ్ళ కిందట అతనికి క్రేన్ లివర్ పట్టడం నేర్పింది గద్దాయనే. అప్పట్నుంచీ బాబాయ్ అనే పిలుపు. బల్ల మీద టీ ఉంది, పక్కన పరీక్ష కాగితం ఉంది. కాగితంలో పదికి పది అని అప్పటికే రాసి ఉంది.

"టీ తాగు బాబాయ్. ఆ బల్బులతో నీకేం పని? రాసేశాను."

గద్దాయన ఒళ్ళు భగ్గుమంది. ఇంట్లో అయింది, ఇక్కడ కూడానా అనుకున్నాడు. టీ పక్కకు నెట్టి, బల్బులు వెలిగించమన్నాడు. అతను నసిగాడు. వెలిగించమన్నానా అని మళ్ళీ అన్నాడు.

పదింట్లో ఆరు సమయానికి పడ్డాయి. నాలుగు ఆలస్యం. చివరిదైతే ఆయనకే స్పష్టంగా తెలిసింది. బల్బు వెలిగింది, కన్ను చూసింది, బొటనవేలు మాత్రం ఒక్క క్షణం ఆలోచించుకుంది.

"నాలుగే కదా బాబాయ్," అన్నాడు సూపర్‌వైజర్, మెల్లగా.

"నాలుగే కదా అని, నేను పైనుంచి లోడు దించుతుంటే నీ కొడుకుని కింద నడిపిస్తావా?"

గద్దాయన అతని జేబులోంచి పెన్ను లాక్కుని పదిని కొట్టేశాడు. ఆరు వేసి, పక్కన "తప్పాడు" అని రాశాడు. కింద తన సంతకం గీశాడు, కాగితం చిరిగేంత గట్టిగా.

సామాన్ల గదికి వచ్చి కూర్చున్నాక కూడా చెవులు వేడిగానే ఉన్నాయి. కాసేపటికి ఒక కూలీ చేతితొడుగుల కోసం వచ్చాడు. విషయం అప్పటికే యార్డంతా పాకినట్టుంది, పరీక్ష మాట ఎత్తలేదు. గద్దాయన ఒక జత తీసి బల్ల మీద విసిరాడు. అవి చిన్నవి. అతను చప్పుడు చెయ్యకుండా వేళ్ళు ఇరికించుకుని, బాగానే ఉన్నాయన్నట్టు తలూపి వెళ్ళబోయాడు.

"ఆగు. ఎక్కడ బాగున్నాయి? సరిపోలేదని చెప్పడానికి నోరు లేదా నీకు?"

అతను బిత్తరపోయి విప్పి ఇచ్చేశాడు. గద్దాయన పై అర దాకా చెయ్యి చాచి, గొణుక్కుంటూ, తిట్టుకుంటూ పెద్దవి వెతికాడు. దొరికాక ఒకటి తన చేతికి తొడిగి కుట్లు చూశాడు. మరోటీ చూశాడు. అప్పుడు ఇచ్చాడు.