కావడికి కట్టిన కొన

వొలెమీ పైన్ అనే వృక్షాన్ని మా తిరువళ్లూరు ఎండలో పెంచడం గురించి తెలుగులో ఎవరైనా వ్రాశారేమో నేనెరుగను. నా మొక్కకు జరిగినది మరొకరి మొక్కకు జరగకూడదు. అందుకే ఇది వ్రాసి ఉంచుతున్నాను.

ఈ చెట్టు వంశాన్ని పండితులు చాలాకాలం రాతిలోని ఆకు అచ్చులలోనే చూశారట. తరువాత ఆస్ట్రేలియాలోని ఒక లోయలో కొద్ది చెట్లు సజీవంగా దొరికాయి. కొడైకెనాల్ నుండి తెచ్చిన మొక్కను ఉత్తరపు గోడ నీడన, పెద్ద కుండీలో, నీరు నిలవని ఇసుకమట్టిలో నాటాను. కొమ్మకు ఇరువైపులా దువ్వెనపళ్లలా పేర్చినట్లుండే దాని ఆకుల క్రమం నాకు నచ్చింది. ప్రక్కకొమ్మలు ఎంత పెరిగినా మాను కావు. నిలువుగా లేచే నడికొన ఒక్కటే మాను అవుతుంది.

గుండె శస్త్రచికిత్సకు నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా అక్క, బావ తిరుత్తణి నుండి వచ్చి ఇల్లు చూసుకున్నారు. నేను తిరిగి వచ్చేసరికి తిరుత్తణి కొండకు కావళ్లు మోసే ఆడికృత్తిక పండుగ దాటింది. కుండీలో మొక్క ఉంది, నడికొన లేదు.

“అక్కా, దీని కొన యాడ?”

“కొండకి తీసకపోయి కావడికి కట్టినాము. నువ్వు లేచి తిరగాలని మొక్కుకొనుంటి గదరా. పూలయితే అందురూ కడతారు. నువ్వు బిడ్డ మాదిరి సాకిందే సామికియ్యాలని నేనే కోసినా.”

వాకిట్లో చెప్పులు విడుస్తున్న బావ నవ్వాడు. “రాక్షసబల్లులు పోయినా తాను పోకుండా నిలిచిన చెట్టు, బామ్మర్దీ! మీ అక్క కొడవలికి దొరికిపాయ.”

“నువ్వుండయ్యా. సామి దాన్ని తీసుకున్యాడు, మావాణ్ణి ఇచ్చినాడు. ఇంకేం కావాల?”

కోపం రావలసిన చోట నాలో ఏమీ కదలలేదు. మందుల ప్రభావమేమో అనుకున్నాను; మందులు తగ్గాక కూడా అంతే. నీరు ఎప్పుడు, ఎంత, ఏ చెంబుతో పోయాలో నేను చెప్పి వెళ్లినదంతా అక్క తప్పకుండా పాటించింది. కోయరాదని నేను చెప్పలేదు. కాఫీ కావాలన్నాను. తెచ్చి ఇచ్చింది.

ఇప్పుడు కార్తికం. అక్క ఫోన్ చేసి నా ఆరోగ్యం అడుగుతుంది, మొక్క సంగతి అడగదు. ప్రక్కకొమ్మలు పచ్చగానే ఉన్నాయి. నిలువు చిగురు మాత్రం ఒక్కటీ లేదు. నరికినా ఈ జాతి మొదలు నుండి కొత్త మాను వేస్తుందని చదివాను. ప్రతి ఉదయం మట్టి ప్రక్కకు తోసి చూస్తున్నాను. ఆశతో చూస్తున్నానని చెప్పలేను. చూడవలసిన పని కనుక చూస్తున్నాను.

ఈ జాతిని పెంచి ఎరిగినవారు నా వ్రాతలోని పొరపాట్లను దిద్దవలసినదిగా కోరుతున్నాను. మన ఎండలలో మొదలు చిగురిస్తుందన్న మాటే తప్పయితే, ముందుగా దానినే దిద్దండి.